ఈశాన్యం మూలన నిలబడిన కొబ్బరికాయ

ఈమధ్య మార్కాపురం హోటళ్లలో కొబ్బరి చట్నీ అడిగితే పుట్నాల పప్పు రుబ్బి తెచ్చి పెడుతున్నారు. చూడటానికి తెల్లగానే ఉంటుంది. పైన పోపు కూడా పడుతుంది. నాలుక మీద వేసుకున్నాక గానీ తెలియదు, అందులో కొబ్బరి లేదని. అడిగితే సర్వరు "కొబ్బరికాయ రేటు చూసినావా సార్" అంటాడు, రేటు పెంచింది నేనే అన్నట్టు. మొన్నొక రోజు గట్టిగానే గొడవ పెట్టుకున్నాను. లేనిదాన్ని ఉందని చెప్పి జనానికి ఎట్లా పెడతారయ్యా అన్నాను. ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక ఇడ్లీ సగంలో వదిలేసి చేతులు కడుక్కున్నాను.

లేనిదాన్ని ఉందని చెప్పడంలో ఆ హోటలువాడి కంటే నాకు సర్వీసు ఎక్కువ. అదీ కొబ్బరికాయతోనే.

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పొద్దున లేవలేనంత బరువేమీ కాదు. తింటున్నాను. నిద్రపోతున్నాను. పెళ్లిళ్లకు పోయి జోకులు వేస్తున్నాను. కానీ ఒక జేబులో రాయి పెట్టుకుని తిరిగేవాడికి కొన్నాళ్లకు చొక్కా అటే జారుతుంది, మనిషీ అటే ఒరుగుతాడు. చూసేవాళ్లు వాడి నడకే అంత అనుకుంటారు. నన్ను కూడా అట్లాగే అనుకుంటున్నారు. ఈయన ఎప్పుడూ నవ్విస్తుంటాడు, మనసులో ఏమీ పెట్టుకోడు అంటారు. పెట్టుకున్నాను. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు రాయను. మా వైపు వాళ్లు చదివితే ఇంకో రెండు పేరాల్లో నన్ను పట్టేస్తారు, అది వేరే సంగతి.

నేను భూమిలో నీళ్లు చూసేవాణ్ణి. జియాలజీలో ఎమ్మెస్సీ చేశాను. మా నాయన చివరిదాకా దాన్ని "రాళ్ల చదువు" అనే అన్నాడు. అన్యాయంగా అన్నాడని కూడా చెప్పలేను. చదువు అయ్యాక పాత మిషన్ ఒకటి కొనుక్కుని ఊరికి వచ్చాను. ఇనుప కడ్డీలు భూమిలోకి దిగ్గొట్టి, వాటికి వైర్లు తగిలించి, బ్యాటరీ నుంచి కరెంటు పంపితే, కింద అది ఎంత సులువుగా పోతున్నదో పెట్టెలోని ముల్లు చూపిస్తుంది. తడి ఉంటే సులువుగా పోతుంది. గట్టి రాయి అయితే పోదు. ఇంతే విద్య. మిగతాదంతా ఎండలో నిలబడటం.

మా వైపు కిందంతా పలకరాయి. ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకున్న పలకలు మా దగ్గరి నుంచే పోయాయి. ఆ రాయి మీద అక్షరం నిలుస్తుంది గానీ, లోపల నీళ్లు నిలవవు. పగుళ్లు ఉన్నచోట నిలుస్తాయి. ఆ పగులు ఎక్కడుందో వెతకడమే నా పని. అయితే రైతులు నా మిషన్‌ను మర్యాదగా చూసి, మజ్జిగ ఇచ్చి, నేను పోయాక కొబ్బరికాయ పట్టేవాణ్ణి పిలిపించుకునేవాళ్లు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పడుకోబెట్టుకుని అతను పొలమంతా నడుస్తాడు. నీళ్లున్న చోట కాయ దానంతటదే లేచి నిలబడుతుంది. దానికి పసుపు, కుంకుమ, కర్పూరం. నా ముల్లుకు ఎవరూ ఏనాడూ కర్పూరం వెలిగించలేదు.

నా సామాను మోసే ఆటో మస్తాన్‌ది. వ్యాపారంలో నాకు మొదటి సలహా ఇచ్చింది అతనే.

"సార్, నువ్వు ఇంగ్లీషులో పూజ చేస్తే హారతి ఎవరు తీసుకుంటారు? నువ్వు గూడా ఒక కొబ్బరికాయ పట్టుకో. నీకేం పోయింది?"

ఏమీ పోలేదు అప్పుడు. ముందు మిషన్‌తో చూసేవాణ్ణి. ముల్లు ఎక్కడ కదిలితే ఆ చోటు మనసులో పెట్టుకునేవాణ్ణి. తర్వాత జనం చూస్తుండగా కొబ్బరికాయ పట్టుకుని నడిచి, సరిగ్గా ఆ చోటికి వచ్చాక మణికట్టు దగ్గర కొంచెం ఎత్తేవాణ్ణి. కాయ లేచేది. నీళ్లు మిషన్ చూపించిన చోటే పడేవి, పేరు కొబ్బరికాయకు పోయేది. ఇది మోసం కాదు, ప్యాకింగ్ అనుకున్నాను. మందు చేదుగా ఉంటే బెల్లంలో పెట్టి ఇస్తారు గదా అనుకున్నాను. నిజాన్ని జనం మెచ్చే గుడ్డలో చుట్టి ఇవ్వడం తెలివైనవాడి లక్షణం అని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. అందులో ఒక చిన్న లొసుగు ఉంది. లోపల నిజం లేకపోయినా గుడ్డ అట్లాగే మెరుస్తుంది.

ఆ సంగతి నాకు రాచర్ల వైపు ఒక ఊళ్లో తెలిసింది.

ఆ రైతును సుబ్బరాయుడు అంటాను. అసలు పేరు కాదు. బత్తాయి తోట, ఒక గొర్రెల మంద, ఇంట్లో భార్యా పిల్లలూ, భర్త పోయి తమ్ముడి పంచన చేరిన అక్క. ఆమెను ఓబులమ్మ అంటాను. ఆ వేసవి ఉన్న బోరు ఎండిపోయింది. బత్తాయి ఆకులు చేత్తో నలిపితే పొడి అవుతున్నాయి. కొత్త బోరు కోసం సుబ్బరాయుడు మంద మొత్తం బేరం పెట్టాడు.

మిషన్ పెట్టిన రోజు కడ్డీలు కొట్టే మనిషి రాలేదు. ఓబులమ్మే కొంగు నడుముకు దోపి సుత్తి అందుకుంది. పొలం ఈ చివర నుంచి ఆ చివరకు ఆమె కడ్డీలు దిగ్గొట్టడం, నేను ముల్లు చూడటం. చేతిలో సుత్తి ఉన్నా నోరు ఊరుకోదు ఆమెకు. "ఇంత చదివి నువ్వు చేసేది భూమికి సూదులెయ్యడమా సారూ" అంది ఒకసారి. నాకు బాగా నవ్వొచ్చింది. ముల్లు మాత్రం కదలలేదు. ఎక్కడ పెట్టినా గట్టి రాయే. ఆమె నా ముఖం చూసింది.

"ఏమంటాంది సారూ నీ పెట్టె?"

"ఏమీ లేదంటోందక్కా. ఎటు చూసినా రాయే. ఇక్కడ బోరేస్తే దుమ్ము తప్ప ఏం రాదు."

"అయితే ఆ మాటే చెప్పు మా తమ్మునికి. నేను చెప్తే ఇనడు. నువ్వు చదువుకున్నోనివి, నీ మాటంటే ఇంటాడు. చెట్లు పోతే పోనీ, మందలో జీవాలన్నా మిగుల్తాయి."

"చెప్తానక్కా."

చెప్తాను అన్నాను. అది బాగా గుర్తుంది. ఆమె సుత్తి కింద పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి ముందు నాకిచ్చింది. అదీ గుర్తుంది.

సాయంత్రం సుబ్బరాయుడు వచ్చాడు. వెంట సగం ఊరు వచ్చింది. పళ్లెంలో పసుపు, కుంకుమ, కర్పూరం, పీచు తీయించిన నున్నటి కొబ్బరికాయ. బోరు లారీ అప్పటికే పక్క ఊళ్లో ఉందట, రేపు ఇటు వచ్చేస్తుందట. ఈశాన్యం మూల ఎట్లా ఉంది సారూ అని అడిగాడు. అడగటం కాదు అది. ఆ మూల వైపు అతను చూసిన చూపు, పరీక్ష రిజల్టు బోర్డు వైపు చూసే పిల్లవాడి చూపు. నోరు తెరిచాను. లేదు అనాలి. రెండక్షరాలు. ఎమ్మెస్సీ అవసరం లేని మాట.

కొబ్బరికాయ అందుకున్నాను.

ఈశాన్యం మూలకు వచ్చేసరికి నా చేయి నాకు తెలియకుండానే లేచింది అని రాయాలని ఉంది. ఇన్నేళ్లుగా నాకు నేను అట్లాగే చెప్పుకున్నాను. తెలిసే లేచింది. కాయ నిలబడింది. సుబ్బరాయుడు ఆ మట్టికి దండం పెట్టాడు. జనం వెనక ఓబులమ్మ నిలబడి ఉంది. ఆమె కాయ వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది. పాయింటు ఇచ్చినవాడు బోరు వేసేటప్పుడు దగ్గర ఉండాలన్నది మా వైపు ఆనవాయితీ. ఉన్నాను. మొదట కొంత లోతు దాకా చెమ్మగా ఉన్న మట్టి వచ్చింది. జనం ముఖాలు విప్పారాయి. పైపొరలో కాస్త చెమ్మ ఉంటుంది, గట్టి రాయి తగలగానే పోతుంది. డిగ్రీ మొదటి ఏడాదిలోనే చెబుతారు ఆ సంగతి. రాయి తగిలింది. దుమ్ము లేవడం మొదలైంది. సరిగ్గా అప్పుడే ఓబులమ్మ లారీ మనుషులకు అన్నం గంప నెత్తిన పెట్టుకుని గట్టు దిగి వచ్చింది.

వాళ్ల దాయాదుల్లో ఒకాయన అన్నాడు. "అప్పటిదాకా చెమ్మ పడతాండె. ఈమె గంప దించినాక చూడు, బూడిద. మొగుణ్ణి మింగింది చాలక నీళ్లు గూడా మింగింది."

ఎవరూ కాదనలేదు. ఆ దుమ్ము మధ్యలో సుబ్బరాయుడు నా దగ్గరికి వచ్చాడు. కోపంగా రాలేదు. అక్కను కాపాడమని వచ్చినట్టు వచ్చాడు. "సారూ, నువ్వు చదువుకున్నోనివి. నువ్వు చెప్పు. అట్ల జరుగుతాదా?"

ఇంతకంటే సులువైన ప్రశ్న నన్ను ఏ పరీక్షలోనూ అడగలేదు. జరగదు అంటే చాలు. నిన్న మిషన్ ఇక్కడ ఏమీ లేదని చెప్పింది, నేనే దాచాను అంటే ఇంకా మంచిది. నేనేమన్నానో తెలుసా?

"కొన్ని సైన్సుకు అందవన్నా."

ఇదీ నా పాపం. బోరు ఎండిపోవడం కాదు, అది రాయి చేసిన పని. కొబ్బరికాయ కూడా కాదు, అది నా బలహీనత అని చెప్పుకోవచ్చు. కానీ ఈ మాట మాత్రం నేను తీరిగ్గా, మర్యాదగా, చదువుకున్నవాడి గొంతుతో అన్నాను. ఎందుకన్నాను? కొడతారని భయమా? ఆ మనుషులు కొట్టేవాళ్లు కాదు, పోయేటప్పుడు నాకు అన్నం కూడా పెట్టారు. జాలా? జాలి ఉన్నవాడు నిందను ఆడమనిషి మీదికి తోస్తాడా? చాలా ఏళ్లు తవ్వితే గానీ అసలు కారణం బయటపడలేదు. పక్క ఊరి రైతు ఒకతను తన పొలానికి నన్ను తీసుకుపోదామని బండి మీద వచ్చి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. అతను వింటున్నాడు. అంతే. ఇంకేమీ లేదు. తర్వాతి గిరాకీ కోసం ఒక మనిషి బతుకును దుమ్ములో వదిలేశాను.

ఓబులమ్మ నా వైపు చూసింది. ఒక్క మాట చాలు ఆమెకు. నిన్న ఈయనే నాతో లేదన్నాడు అంటే చాలు. అనలేదు. గంప దించిన చోటే వదిలి, కొంగుతో ముఖం మీద దుమ్ము తుడుచుకుని, గట్టెక్కి వెళ్లిపోయింది.

ఎందుకనలేదు? నేను చెప్తే ఇనడు అని ముందురోజే చెప్పింది గదా. నమ్మరని తెలిసి ఊరుకుందా? నా కూడు పోతుందని ఊరుకుందా? నాకు రెండోదే నమ్మాలని ఉంటుంది. అందుకే మొదటిదే నిజమేమో అని భయం.

మంద అమ్ముడుపోయింది. బత్తాయి చెట్లు కొట్టేశారు. విత్తనాలు వేసేటప్పుడు ఓబులమ్మను పొలం వైపు రావద్దన్నారు. తర్వాత పొరుగింటి శుభకార్యాలకు పిలవడం మానేశారు. చివరికి తమ్ముడి ఇంట్లో కూడా, ఎవరైనా పనిమీద బయటికి పోతుంటే ఆమె లోపలి గదిలోకి తప్పుకోవాల్సి వచ్చింది. ఒక పొద్దు ఆమే మూట కట్టుకుని గిద్దలూరు వెళ్లిపోయింది. ఇవన్నీ నాకు మస్తాన్ చెప్పాడు, దారిలో, నా వైపు చూడకుండా ఆటో నడుపుతూ.

ఆ తర్వాత నేను కొబ్బరికాయ పట్టలేదు. ఘనంగా ప్రతిజ్ఞ ఏమీ చేయలేదు. ఇంట్లో మిగిలిన కాయలతో మా ఆవిడ చట్నీ చేసింది, నేనే తిన్నాను. కానీ మరుసటి పొలంలో ముల్లు కదలకపోతే, సుత్తి పట్టుకుని ఎవరో నా ముఖం చూస్తున్నట్టు అనిపించింది. లేదు అన్నాను. ఆ తర్వాతి పొలంలోనూ లేదు అన్నాను. మస్తాన్ విసుక్కున్నాడు. "లేదని చెప్పేదానికి ఆటో ఎందుకు సార్, ఫోన్‌లోనే చెప్తే పోలా?" కొన్నాళ్లు నిజంగానే ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత ఒక విచిత్రం జరిగింది. పెద్దారవీడు నుంచి, దోర్నాల నుంచి, రాచర్ల నుంచి రైతులు వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. ఆ సారు లేదంటే లేదంట, ఉందంటే ఉందంట అని. వేసి పోగొట్టుకున్న బోరు కంటే వేయకుండా మిగిలిన మందే మేలని తెలిసినవాళ్లు.

వాళ్లలో ఒకణ్ణి అడిగాను, నా పేరు ఎవరు చెప్పినారని. అతను నవ్వాడు. "గిద్దలూరు బస్టాండు కాడ ఇడ్లీల ఓబులమ్మ సార్. బోరు సంగతి ఎవరెత్తినా నీ కాడికే పొమ్మంటాది. ఆ పెట్టె అబద్ధం చెప్పదు, పెట్టె ఏమంటాందో అడగండి, సారు మొగం మాత్రం చూడొద్దండి అంటాది. నువ్వంటే ఆమెకు భలే నమ్మకం సార్."

భలే నమ్మకం. అవును.

నా పిల్లల చదువు, నా ఇల్లు, ఈ కాస్త పేరు, వీటిలో ఎంత భాగం ఆ ఇడ్లీల బండి దగ్గర మొదలైందో లెక్క కట్టే మిషన్ నా దగ్గర లేదు. చాలా ఉంటుంది. నేను ఆమెను ఒక పొలంలో నుంచి వెళ్లగొట్టించాను. ఆమె నాకు ఎన్నో పొలాల దారి చూపించింది. నాకు మేలు చేద్దామని కాదు, అంత అమాయకంగా అనుకోను. ఇంకో మంద దుమ్ములో కలవకూడదని. ఆ పనిలో నాకు మేలు జరిగితే జరగనీ అనుకుని ఉంటుంది. కారణం ఏదైనా, తిన్నవాణ్ణి నేను. ఇప్పటికీ కడ్డీ దిగే చప్పుడు వినపడితే ఆమె ముఖమే గుర్తొస్తుంది. సిగ్గుతో పాటు ఇంకొకటి కూడా వస్తుంది. కృతజ్ఞత అనే మాట నా నోటికి కాస్త పెద్దది, అయినా అదే.

పోయినేడు మార్కాపురంలో ఒక కాలేజీ వాళ్లు నన్ను పిలిచారు. పనిలో, వ్యాపారంలో ఎదగడం ఎట్లా అని పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. గిరాకీకి లేదు అని చెప్పడం నేర్చుకోండి, ఈ పూట పోయినా రేపు నిలబడతారు అని చెప్పాను. బాగా చెప్పాను కూడా. చప్పట్లు కొట్టారు. ఒక అమ్మాయి లేచి, "సార్, ఇది మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగింది. అనుభవం దగ్గర అన్నాను. ఓబులమ్మ అనాల్సిన చోట అనుభవం అన్నాను. ఆ పిల్ల రాసుకుంది.

ఇంటికి వచ్చి వాళ్లు కప్పిన శాలువా మడత పెడుతుంటే తట్టింది, ఇది రెండోసారి అని. మొదటిసారి ఆమె మీద నింద వేసి నా పేరు కాపాడుకున్నాను. ఇప్పుడు ఆమె పేరు మింగి నా పేరు పెంచుకున్నాను. మొత్తానికి నా పద్ధతిలో నిలకడ ఉంది.

అయినా వెంటనే కదిలానా? లేదు. పనులు ఉన్నాయి, ఎండలు ఉన్నాయి, మనసుకు సాకులు ఎప్పుడూ ఉన్నాయి. మొన్న హోటల్లో ఇడ్లీ వదిలేసి లేచాక, తిన్నగా గిద్దలూరు బస్సెక్కాను. పొద్దుటి గిరాకీ అయిపోయింది. ఆమె గిన్నెలు తోముతోంది. జుట్టు నెరిసింది, చేతులు అవే. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. మిగిలిన ఇడ్లీలు ఆకులో పెట్టి వేరుశనగ గింజల చట్నీ వేసింది. కొబ్బరి చట్నీ లేదా అని అడిగే ధైర్యం నాకు లేదు. తిన్నాను. తిని, చేతులు కడుక్కోకుండానే మొత్తం చెప్పాను. మణికట్టు ఎత్తిన సంగతి, సైన్సుకు అందవన్న సంగతి, గట్టు మీది గిరాకీ సంగతి, కాలేజీలో అమ్మాయి సంగతి. ఒక్క జోకు కూడా వేయలేదు. జీవితంలో నేను జోకు లేకుండా మాట్లాడిన అతి పెద్ద మాట బహుశా అదే.

చెప్పాక తేలికైంది. ఇప్పుడు మీకు రాస్తుంటే ఇంకొంచెం తేలికవుతోంది. క్షమించమని అడగలేదు. అడిగితే, ఇవ్వాలా వద్దా అన్న బరువు మళ్లీ ఆమె నెత్తిన పెట్టినట్టే గదా. అక్కా, నేను తినే ప్రతి ముద్దలో నీ వాటా ఉంది అని మాత్రం అన్నాను.

ఆమె తోముతున్న గిన్నె బోర్లించింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. నా ముందున్న ఆకు తీసి బుట్టలో వేసింది.

"ఆ పొద్దు కడ్డీలు కొట్టింది నేనే గద నాయనా. ఇందులో నాకు తెలియందేముంది? తెలియనోడు మా తమ్ముడు. ఆడ నిలబడింది చూడు, మా ఊరి దిక్కు పొయ్యే రాచర్ల ఆటో."